నొక్కితే పలికే నెత్తురు

మోచేతి మడతలో, చిటికెన వేలి వైపుకు కొంచెం జరిగి మెత్తగా నొక్కి చూస్తే ధమని కొట్టుకోవడం వేలికి తెలుస్తుంది. సరిగ్గా అక్కడే స్టెతస్కోపు పెట్టి వినండి. ఏమీ వినపడదు. గుండె ఒక్కో దెబ్బకు 70 మిల్లీలీటర్ల దాకా నెత్తురును ముందుకు నెడుతోంది. నిమిషానికి అయిదు లీటర్లు ఒళ్లంతా చుట్టి వస్తోంది. వేలు పసిగట్టిన ఆ కదలిక చెవికి మాత్రం అందదు. ఆటంకం లేని ధమనిలో నెత్తురు పొరలు పొరలుగా, ఒక పొరతో మరొకటి పేచీ పడకుండా సాగిపోతుంది. చప్పుడు పుట్టడానికి అక్కడ కారణమే లేదు.

ఇప్పుడు జబ్బకు పట్టీ చుట్టి, రబ్బరు బల్బు నొక్కుతూ గాలి నింపండి. పట్టీలో ఒత్తిడి ధమనిలోని ఒత్తిడిని దాటగానే ధమని పూర్తిగా మూసుకుపోతుంది. అప్పుడూ నిశ్శబ్దమే, ప్రవాహం ఆగిపోయింది కాబట్టి. తర్వాత మర తిప్పి గాలిని మెల్లమెల్లగా వదులుతూ పోతే ఒకచోట టక్కుమని మొదటి చప్పుడు. గుండె దెబ్బ శిఖరానికి చేరిన ఆ క్షణంలో మాత్రం నెత్తురు పట్టీని ఓడించి, మూసిన ధమనిని తెరుచుకుని ఇటు దూకింది. అప్పుడు మీటరు మీద ఎంతుందో అదే పై అంకె, సిస్టోలిక్. గాలి ఇంకా వదులుతుంటే చప్పుడులో గరగర చేరుతుంది, తర్వాత గట్టిపడి స్పష్టమవుతుంది, మందగిస్తుంది, చివరికి ఒకచోట ఆగిపోతుంది. పట్టీ ఇక ఏ క్షణంలోనూ ధమనిని నొక్కలేని స్థితి అది. అక్కడున్నది కింది అంకె, డయాస్టోలిక్. మొక్కలకు నీళ్లు పెట్టే గొట్టం మూతిని బొటనవేలితో సగం మూస్తే నీళ్లు బుస్సుమంటాయి, వేలు తీస్తే ఊరుకుంటాయి. ఇక్కడ జరిగేదీ దాదాపు అదే. కాకపోతే ధమని గోడ కూడా తెరుచుకుంటూ మూసుకుంటూ ఆ చప్పుడులో పాలుపంచుకుంటుంది.

నన్ను చాలాకాలంగా పట్టి ఉంచిన సంగతి ఇదే. బీపీ చూసేటప్పుడు వినే చప్పుడు మనం నొక్కితే పుట్టింది. నెత్తురును దాని దారిన వదిలేస్తే అది ఏమీ చెప్పదు. ఆపబోతేనే చెబుతుంది. అందుచేత చీటీ మీద రాసుకునే 140/90 అన్నది, కొలిచే మనిషీ కొలిపించుకునే మనిషీ కలిసి కూర్చున్న ఆ కొద్ది నిమిషాల్లో పుట్టే అంకె. ఆ నిమిషాలు ఎలా గడిచాయన్న దాన్ని బట్టి అది మనకు మేలు చేస్తుంది, లేదా దారి తప్పిస్తుంది. వైద్యంలో ఇంత తరచుగా చేసే కొలత మరొకటి ఉందనుకోను. ఇంత నిర్లక్ష్యంగా చేసేదీ మరొకటి కనపడదు. నా బాధ అదే.

ఈ చప్పుళ్లను కొలతగా మార్చినవాడు నికొలాయ్ కొరొత్కోవ్ అనే రష్యన్ సర్జన్. 1904-05లో రష్యాకూ జపాన్‌కూ యుద్ధం జరిగినప్పుడు తూటాలు తగిలి ధమనులు దెబ్బతిన్న సైనికులకు వైద్యం చేశాడు. చితికిన ధమనిని ముడివేయక తప్పదు. అయితే ముడి వేశాక కింది భాగానికి పక్కదారుల్లో నెత్తురు చేరుతుందా, లేక కాలో చెయ్యో కుళ్లిపోతుందా? కత్తి పట్టుకునే ముందే ఆ సంగతి తెలియాలి. దానికోసం ఆయన ధమనుల మీద స్టెతస్కోపు పెట్టి వినడం మొదలుపెట్టాడు. వింటూ వింటూ, పట్టీ బిగించి వదిలేటప్పుడు వచ్చే చప్పుళ్లకు ఒక వరుస ఉందని గమనించాడు. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్ సైనిక వైద్య అకాడమీలో ఆయన చదివిన నివేదిక ఒక పేజీ కూడా నిండదు. అప్పటికాయనకు 31 ఏళ్లు. 46 ఏళ్లకే చనిపోయాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా ప్రపంచంలో స్టెతస్కోపు పెట్టి బీపీ చూసే ప్రతి నర్సూ, ప్రతి డాక్టరూ, మన ఊళ్లో సైకిలుకో బండికో సంచీ తగిలించుకుని తిరిగే ఆర్ఎంపీ కూడా, ఆ ఒక్క పేజీలో రాసిందే చేస్తున్నారు. యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకోబోతున్న కుర్రాళ్ల కోసం మొదలైన వినికిడి అది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఆ పని పట్ల నాకు గౌరవం పెరుగుతుంది.

పట్టీ ఆయనది కాదు. దాన్ని 1896లో ఇటలీలోని ట్యూరిన్‌లో స్కిపియోనే రీవా-రోచీ తయారుచేశాడు. సైకిలు ట్యూబు ముక్క, సిరాబుడ్డి, కాస్త పాదరసం, ఇంట్లో దొరికే సరంజామాతో. ఆయన స్టెతస్కోపు వాడలేదు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, పట్టీ బిగిస్తూ పోతే నాడి ఎక్కడ ఆగిందో, వదిలితే ఎక్కడ తిరిగొచ్చిందో చూసేవాడు. అందుకే ఆయనకు పై అంకె ఒక్కటే దొరికేది. అయిదేళ్ల తర్వాత హార్వీ కుషింగ్ అనే అమెరికన్ సర్జన్ ఇటలీలో పావియా ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఈ పరికరాన్ని చూసి, దాని నమూనాను తనతో బాల్టిమోర్‌కు తీసుకెళ్లాడు. అక్కడినుంచి అది లోకమంతా పాకింది. రీవా-రోచీ పట్టీ బాగా సన్నం, వెడల్పు అయిదు సెంటీమీటర్లే. సన్న పట్టీతో ధమనిని మూయాలంటే ఎక్కువ గాలి కొట్టాలి, కనక అంకె ఉన్నదానికంటే పెద్దదిగా వస్తుంది. 1901లోనే ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ అనే జర్మన్ వైద్యుడు ఈ లోపాన్ని పట్టుకుని పట్టీని వెడల్పు చేశాడు. వందేళ్లు దాటినా, లావు జబ్బకు సన్న పట్టీ చుట్టి బీపీ ఎక్కువుందని చెప్పడం ఇంకా మానలేదు మనం.

వీళ్లందరికంటే ముందువాడు స్టీఫెన్ హేల్స్. ఇంగ్లండులో టెడింగ్టన్ అనే ఊళ్లో చర్చి పాస్టరు. చెట్ల వేళ్లలోంచి నీరు పైకి ఎంత బలంతో ఎక్కుతుందో కొలిచిన మనిషే, ప్రాణుల నెత్తురునూ కొలిచాడు. చంపేయడానికి సిద్ధంచేసిన ఒక ఆడగుర్రాన్ని వెల్లకిలా కట్టిపడేసి, తొడ ధమనిలో ఇత్తడి గొట్టం గుచ్చి, దానికి తొమ్మిదడుగుల గాజు గొట్టాన్ని నిలువుగా తగిలించాడు. నెత్తురు అందులో గుండె మట్టానికి పైన ఎనిమిదడుగుల మూడంగుళాల దాకా ఎగబాకింది. 1733లో అచ్చయిన పుస్తకంలో ఆ సంగతంతా రాశాడు. గుండె ఒక్కో దెబ్బకూ గొట్టంలో నెత్తురు లేస్తూ పడుతూ ఉండటం మొదటిసారి కంటితో చూసింది ఆయనే.

ఆ ఎత్తును ఇప్పటి కొలతలోకి మార్చితే పాదరసం మిల్లీమీటర్లలో సుమారు 195 అవుతుంది. ప్రశాంతంగా నిలబడి గడ్డి మేస్తున్న గుర్రంలో అంత ఉండదు. కట్టేసి, వెల్లకిలా పడేసి, కాలు కోసిన జంతువు భయమూ నొప్పీ ఆ గాజు గొట్టంలోకి ఎక్కాయి. లోకంలో మొట్టమొదటిసారి కొలిచిన రక్తపోటు ఒక భయపడ్డ ప్రాణిది. ఆ గుర్రాన్ని తలుచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి. కొలత చరిత్ర అంతా ఆ భయాన్ని తీసేసే ప్రయత్నంగానే నాకు కనపడుతుంది. తొమ్మిదడుగుల గొట్టం స్థానంలో 1828లో ఫ్రెంచి వైద్యుడు ప్వాజేయ్ పాదరసం పోసిన చిన్న గొట్టాన్ని తెచ్చాడు. పాదరసం నీటికంటే పదమూడున్నర రెట్లు బరువు, కనక అడుగులు మిల్లీమీటర్లలోకి వచ్చాయి. ఆ మిల్లీమీటర్లనే నేటికీ వాడుతున్నాం. పాదరసం విషమని ఆస్పత్రులు దాన్ని వదిలించుకుంటున్నా, కొలత మాత్రం దాని పేరుతోనే ఉండిపోయింది. తర్వాత వచ్చిన రీవా-రోచీ పట్టీకి గుచ్చే పనే లేదు. గుచ్చడం పోయింది. భయం పూర్తిగా పోలేదు.

ఇంతకీ ఈ ఒత్తిడి దేనికి? 120 మిల్లీమీటర్ల పాదరసం అంటే నిలువు గొట్టంలో నెత్తురును అయిదడుగుల ఎత్తుకు లేపే బలం. నిలబడ్డ మనిషిలో గుండె కంటే పైనున్న మెదడుకు, నేల బలంగా కిందికి లాగుతున్నా, క్షణం కూడా లోటు లేకుండా నెత్తురు అందాలి. జిరాఫీకి గుండె నుంచి తల దాదాపు రెండు మీటర్ల ఎత్తున ఉంటుంది, అందుకే దాని రక్తపోటు మనకు రెట్టింపు. అది దానికి జబ్బు కాదు, బతుకు. ఏ ప్రాణికి ఎంత అవసరమో అంత ఒత్తిడిని ఒళ్లు తానే కూర్చుకుంటుంది.

ఆ కూర్పు గురించి చదివినకొద్దీ ఆశ్చర్యం తరగదు. గుండె నుంచి బయలుదేరే మహాధమని గోడ సాగుతుంది. గుండె ముడుచుకున్నప్పుడు వచ్చిన నెత్తురులో కొంతభాగాన్ని అది తన సాగుదలలో దాచుకుని, గుండె సేదదీరేటప్పుడు నెమ్మదిగా బిగిసి ముందుకు తోస్తుంది. గుండె విశ్రాంతిలో ఉన్నా ఒత్తిడి సున్నాకు పడిపోకుండా 80 దగ్గర నిలబడటం దీనివల్లే. వయసు పెరిగేకొద్దీ ఆ గోడ బిరుసెక్కుతుంది. అప్పుడు పై అంకె పెరుగుతుంది, అరవై దగ్గరపడ్డాక కింది అంకె తగ్గుతుంది కూడా. పెద్దవాళ్ల చీటీల్లో 165/70 లాంటి అంకెలు చూసి కింది అంకె బాగుంది కదా అని సంతోషించేవాళ్లను చూశాను. అక్కడ ఆ రెండంకెల మధ్య ఎడమే హెచ్చరిక.

అసలు పెత్తనం చిన్న ధమనులది. కండరపు గోడలున్న సన్నటి కొమ్మలు అవి. గొట్టం అడ్డుకొలత సగమైతే దానిలో ప్రవాహానికి అడ్డు రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. ఈ సూత్రాన్ని కనుక్కున్నది కూడా పైన చెప్పిన ప్వాజేయే. కాబట్టి ఆ కొమ్మలు ఇసుమంత బిగిస్తే చాలు, ఒత్తిడి అమాంతం లేస్తుంది. వాటిని బిగించాలా సడలించాలా అన్నది మెడలో, దవడ కింద, మెదడుకు వెళ్లే ధమని రెండుగా చీలేచోట ఉన్న చిన్న ఉబ్బు నుంచి వచ్చే కబుర్ల మీద ఆధారపడుతుంది. ఆ గోడ సాగుదలను నాడులు ప్రతి దెబ్బకూ మెదడు కింది భాగానికి చేరవేస్తుంటాయి. పడుకున్న మనిషి లేచి నిలబడితే అరలీటరుకు పైగా నెత్తురు కాళ్లలోకి జారుతుంది. అంత జారినా మనకు తెలియకపోవడానికి కారణం, ఆ కబురు అంది కొద్ది సెకన్లలోనే గుండె వేగం పెరిగి, కొమ్మలు బిగుసుకోవడం. పెద్దవయసులో ఈ కబురు ఆలస్యమవుతుంది. మంచం దిగి రెండడుగులు వేసేసరికి తూలిపోవడం అందుకే.

ఇది క్షణాల లెక్క. రోజులు, నెలల లెక్క కిడ్నీలది. ఒంట్లో ఎంత ఉప్పు, ఎంత నీరు నిలవాలో తేల్చేవి అవే. తమకు వచ్చే నెత్తురు తగ్గిందనిపిస్తే రెనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి, అది వరుసగా మరికొన్నింటిని లేపుతుంది, ధమనులు బిగుసుకుంటాయి, ఉప్పు నిలవబడుతుంది. స్టాక్‌హోమ్‌లో టీగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు 1898లోనే కుందేళ్లలో రెనిన్‌ను గుర్తించినా లోకం చాలాకాలం పట్టించుకోలేదు. నేడు తెలుగిళ్లలో మాత్రల డబ్బాల్లో ఉండే టెల్మిసార్టాన్, రామిప్రిల్ ఈ గొలుసులోని లింకుల్నే తెంపుతాయి. ఆవకాయ, ఊరమిరపకాయలు, ఎండుచేప, అప్పడం, మజ్జిగన్నంలో మళ్లీ చిటికెడు ఉప్పు, ఇవన్నీ ఈ గొలుసు రెండో కొసను లాగుతుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. ఒక చెంచాడు అది. మన పచ్చళ్ల మీద నాకున్న ప్రేమ చిన్నది కాదు, అయినా ఈ మాట చెప్పక తప్పదు.

ఇన్ని చేతులు ఎడతెగకుండా సర్దుతున్న ఒత్తిడి ఒకచోట నిలవదు. ఊపిరి పీల్చినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా ఉంటుంది. నిద్రలో పదీ ఇరవై శాతం దిగుతుంది, తెల్లవారుజామున ఎక్కుతుంది. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది, ఒక్కో దెబ్బకు ఒక్కో ఒత్తిడి. ఆ లక్షలోంచి మనం తీసుకునేది ఎంత? పట్టీలో గాలిని సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున వదలాలంటారు. అలా వదిలితే 120 నుంచి 80కి రావడానికి పావు నిమిషం పడుతుంది, ఆలోగా గుండె ఇరవైసార్లు కొట్టుకుంటుంది. అంటే 120 ఒక దెబ్బకు చెందింది, 80 దాని తర్వాత ఇరవయ్యో దెబ్బకు చెందింది. 120/80 అని జంటగా రాస్తాం గానీ ఆ రెండూ ఒకే గుండె దెబ్బలో కలిసి ఉన్నవి కావు. ఇళ్లలో వాడే ఎలక్ట్రానిక్ మిషన్ సంగతి ఇంకా వేరు. అది ఏ చప్పుడూ వినదు. పట్టీలో గాలి కంపించడం చూసి, కంపం ఎక్కడ బాగా ఎక్కువుందో పట్టుకుని, అక్కడినుంచి పై అంకెనూ కింది అంకెనూ లెక్కగట్టుకుంటుంది. ఆ లెక్క ఎలా కట్టాలో తయారీదార్లు ఎవరి సూత్రం వాళ్లు పెట్టుకుంటారు. బయటికి చెప్పరు. గుండె లయ తప్పినవాళ్లలో అది తడబడుతుంది.

ఇదంతా అంకెను నమ్మొద్దని చెప్పడానికి రాయడం లేదు. అంకెను చాలా గట్టిగా నమ్ముతాను. అందుకే దాన్ని తీసుకునే పద్ధతి గురించి ఇంత పట్టుబడుతున్నాను.

1983లో ఇటలీలోని మిలాన్‌లో జుసెప్పే మాంచా అనే వైద్యుడూ ఆయన బృందమూ ఒక పని చేశారు. ఆస్పత్రిలో ఉన్న రోగుల ధమనిలోనే సన్నటి గొట్టం ఉంచి, రాత్రీ పగలూ ఒత్తిడి నమోదయ్యేట్టు చూశారు. ఆ సమయంలో ఒక డాక్టరు వచ్చి మామూలుగా పట్టీ కట్టి బీపీ చూశాడు. డాక్టరు మంచం దగ్గరికి వచ్చిన మొదటి కొద్ది నిమిషాల్లోనే పై అంకె సగటున 27 దాకా, కింది అంకె 15 దాకా పెరిగాయి. పదినిమిషాల్లో చాలావరకు దిగివచ్చాయి. బీపీ జబ్బు లేనివాళ్లలోనూ ఇదే జరిగింది. తర్వాత చేసిన మరో పరిశీలనలో, నర్సు వచ్చి చూసినప్పుడు పెరుగుదల సగమే ఉంది. కొలవడానికి వచ్చినవాడే కొలతను మార్చేశాడు. కట్టిపడేసిన గుర్రానికీ, తెల్లకోటు చూసి బిగుసుకున్న మనిషికీ మధ్య రెండున్నర శతాబ్దాలు గడిచాయి, ఒంటి జవాబు మాత్రం మారలేదు.

మా అమ్మకు అరవై దాటాక బీపీ ఉందని తేలింది. పట్నంలో ఒక ఆస్పత్రిలో చూపించేవాళ్లం. రెండంతస్తులు ఎక్కి, వరసలో నిలబడి, పిలుపు రాగానే ఆదరాబాదరాగా లోపలికి వెళ్లేది. వీపుకు ఆనేది లేని స్టూలు. కాళ్లు నేలకు అందీ అందనట్టు. జాకెట్టు చెయ్యి మీదనుంచే పట్టీ చుట్టి, చెయ్యిని అలాగే వేలాడనిచ్చి గాలి కొడుతూ, "మాత్ర వేసుకున్నారా? ఏం తిన్నారు?" అని అడిగేవాళ్లు. అమ్మ మర్యాదస్తురాలు, అడిగినదానికల్లా వివరంగా జవాబు చెప్పేది. ఆ చెప్పడంలోనే అంకె లేచేది. మాట్లాడితే పెరుగుతుంది, కాలు మీద కాలు వేసుకుంటే పెరుగుతుంది, మూత్రం ఆపుకుని కూర్చుంటే పెరుగుతుంది. చెయ్యి గుండె మట్టానికి పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే ఎనిమిది దాకా ఊరికే కలుస్తుంది, నెత్తురు బరువే అంత. ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ కలిస్తే మాత్ర మోతాదు మారిపోతుంది. అమ్మకు మారింది కూడా. ఇంటికొచ్చాక పొద్దున్న లేచేటప్పుడు తల తిరిగి గోడ పట్టుకునేది.

మా ఊరి ఏఎన్ఎమ్‌ది వేరే పద్ధతి. "కూచో పెద్దమ్మా, ఎండలో వచ్చావు. ఊపిరి కుదుటపడనీ, ఆ తర్వాత చూద్దాం" అని పక్కన మరొకరి పని చూసుకునేది. చూసేటప్పుడు మాట్లాడేది కాదు, అమ్మను మాట్లాడనిచ్చేదీ కాదు. బల్ల మీద మడతపెట్టిన దుప్పటి వేసి దానిమీద చెయ్యి ఆనించేది. ఒక నిమిషం ఆగి మళ్లీ చూసి రెండోదే ఎక్కువగా నమ్మేది. 138/82 అని రాసేది. పట్నంలో 170. ఆమె పుస్తకాల్లో ఉన్నది తు.చ. తప్పకుండా పాటిస్తున్నానని అనుకుని ఉండదు, పెద్దావిడను కాస్త సేద తీరనివ్వాలనుకుని ఉంటుంది. అయినా మార్గదర్శకాలు చెప్పేది కూడా అదే. అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోబెట్టండి, వీపూ పాదాలూ ఆననివ్వండి, చెయ్యి గుండె ఎత్తున ఉంచండి, మాట్లాడకండి, కనీసం రెండుసార్లు చూడండి, మొదటిసారి వచ్చినవాళ్లకు రెండు చేతులూ చూసి ఎక్కువ వచ్చిన చేతినే తర్వాత వాడండి. అమ్మ విషయంలో తల తిరగడం తగ్గింది ఊరి అంకెలున్న పుస్తకం చూసి మరో డాక్టరు మాత్ర తగ్గించాకే.

చెవితో వినే పద్ధతిలో మరో గుర్తు ఉంది. మీటరు మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఒకటి ఉంటాయి. అంటే చేత్తో కొలిస్తే 138 రావచ్చు, 142 రావచ్చు, బేసి అంకె రాదు. అన్ని అంకెలూ సమానంగా రావాలంటే అయిదింటిలో ఒక్కటే సున్నాతో ముగియాలి. ఏ ఆస్పత్రి రిజిస్టరైనా తెరిచి చూడండి, 120/80, 130/80, 140/90, 150/90. అన్నీ సున్నాలే. ఇంతమంది నెత్తురు ఇలా పదుల దగ్గరే ఆగదు. 134ను 130 అని రాసినప్పుడు ఒత్తిడి పెరుగుతున్న సంగతి మరుగున పడవచ్చు. 136ను 140 చేసినప్పుడు అక్కర్లేనివాళ్లు జీవితాంతం మింగవచ్చు. అన్నీ సున్నాలే కాని రిజిస్టరు కనపడితే ఎవరో శ్రద్ధగా విన్నారని నాకు నమ్మకం కలుగుతుంది.

140/90 అనే గీత కూడా ఒళ్లు గీసుకున్నది కాదు. 1950లలో జార్జ్ పికరింగ్ అనే బ్రిటిష్ వైద్యుడు, బీపీ ఉన్నవాళ్లు లేనివాళ్లు అని మనుషుల్ని రెండు జాతులుగా విడదీసే హద్దు ప్రకృతిలో లేదని గట్టిగా వాదించాడు. పొట్టి పొడుగులు ఉన్నట్టే ఒత్తిడీ జనంలో తక్కువ నుంచి ఎక్కువకు తెగని వరుసగా పరుచుకుని ఉంటుందన్నాడు. తర్వాత వచ్చిన లెక్కలు ఆయన్నే సమర్థించాయి. నలభై నుంచి డెబ్బై లోపు వయసువాళ్లలో 115/75 దగ్గర మొదలుపెట్టి, పై అంకె ప్రతి 20 పెరిగినా పక్షవాతంతోనో గుండెజబ్బుతోనో చనిపోయే ప్రమాదం రెట్టింపవుతూ పోతుంది. మధ్యలో ఎక్కడా మెట్టు లేదు. 2017లో అమెరికా వైద్యులు గీతను 130/80కి దించినప్పుడు ఒక్క రాత్రిలో కోట్లమంది బీపీ ఉన్నవాళ్లయ్యారు. వాళ్ల ఒంట్లో ఆ రాత్రి ఏమీ జరగలేదు. గీత వైద్యుడి సౌకర్యం కోసం. అది అవసరం కూడా, ఎక్కడో ఒకచోట మాత్ర మొదలుపెట్టాలి కదా. అయితే 139 వచ్చినందుకు నిశ్చింతగా ఇంటికెళ్లడం, 141 వచ్చినందుకు కుంగిపోవడం రెండూ దండగ.

మాత్రే లేని కాలం ఎంతో దూరంలో లేదు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ 1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లో తల పట్టుకుని కూలిపోయినప్పుడు ఆయన వైద్యుడు కొలిచిన ఒత్తిడిలో పై అంకె 300 దాటింది, కింది అంకె 190. అంతకుముందు ఏడాది పైగా అది ఎక్కుతూ వస్తోందని ఆ వైద్యుడికి తెలుసు, నమోదు చేస్తూనే ఉన్నాడు. ఉప్పు తగ్గించమనడం, విశ్రాంతి తీసుకోమనడం తప్ప చేతిలో పెద్దగా ఏమీ లేదు. అంకె తెలిసి కూడా ఏమీ చేయలేకపోవడం ఎలా ఉంటుందో! మూడేళ్లకు అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని ఏళ్ల తరబడి కొలుస్తూ పోయే అధ్యయనం మొదలైంది. బీపీ ముసలితనంతో వచ్చే సహజమైన మార్పు అన్న నమ్మకాన్ని పడగొట్టింది అదే. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1949లో, బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధి వేరు బీపీని దించుతుందని బ్రిటిష్ వైద్యపత్రికలో రాశాడు. ఆ వేరు గురించి కలకత్తా వైద్యులు 1931లోనే రాసినా దూరదేశాలు వినలేదు. వకీల్ వ్యాసం తర్వాత విన్నాయి. దాన్నుంచి తీసిన రెసర్పిన్ ప్రపంచం మొదట వాడిన బీపీ మందుల్లో ఒకటైంది.

ఇప్పుడు మాత్రలున్నాయి, చవకగా ఉన్నాయి, ప్రభుత్వ వైద్యశాలల్లో ఉచితంగానే ఉన్నాయి. 2017 చివర్లో దేశంలో బీపీ అదుపు కోసం మొదలైన కార్యక్రమంలో తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. పల్లె దవాఖానాల్లో, 104 బండి దగ్గర, ఆంధ్రలో ఊరి క్లినిక్కుల్లో పట్టీ కట్టించుకునే అవకాశం మన ముందు తరానికి లేదు. అయినా ఎదురయ్యేది ఒకే మాట: "తగ్గింది కదా, ఆపేశాను." తగ్గింది మాత్ర వల్ల. ఆపితే మళ్లీ ఎక్కుతుంది, ఎక్కినట్టు తెలియదు. తలనొప్పి, తల తిరుగుడు వచ్చినప్పుడు బీపీ పెరిగిందనుకోవడం మనకు అలవాటు. ఎక్కువమందిలో అది ఏ గుర్తూ చూపకుండానే మెదడునూ కిడ్నీలనూ కంటి నరాలనూ ఏళ్ల తరబడి నమిలేస్తుంది. నెత్తురు తనంతట తాను చెప్పదు, అడగాలి. అడిగేవాళ్లు సావధానంగా అడగాలి, అందుకు సమయం కావాలి.

ఆ సమయం లేదంటారు. నిజమే, వరసలో ఎనభైమంది ఉంటే ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు ఎక్కడినుంచి తెస్తారు? కానీ ఆ అయిదు నిమిషాలు నర్సువి కావు, కూర్చున్న మనిషివి. ముందు వచ్చిన నలుగురిని వీపు ఆనే కుర్చీల్లో కూర్చోబెడితే, మొదటివారిని చూసే లోపు మిగతావాళ్లకు విశ్రాంతి దొరికిపోతుంది. మా ఊరి ఏఎన్ఎమ్ చేసింది అదే. ఏ ఊరి వైద్యశాలకైనా ఏదైనా కొనిద్దామనుకుంటున్నామని ఎవరైనా నన్నడిగితే నేను మిషన్ అడగను, అది అక్కడ ఉంటుంది. వీపు ఆనే కుర్చీలు నాలుగు, తలుపుకు కాస్త దూరంగా, గోడవారగా. గుండె ఎత్తుకు చెయ్యి ఆనే బల్ల ఒకటి. పొలంపని చేసి సన్నబడ్డ చేతికి, మామూలు చేతికి, లావు చేతికి సరిపోయే పట్టీలు మూడు. చీర కట్టుకున్నవాళ్లు జాకెట్టు చెయ్యి వదులు చేసుకోవడానికి ఒక పరదా. వచ్చినవాళ్లు అంకెలు రాయించుకుని ఇంటికి తీసుకెళ్లడానికి చిన్న నోటుపుస్తకాలు, ఒక కట్ట.